హన్నమ్మ వంటింటి పొగ

"వెలుగుతోందని రాయను. స్టవ్ వెలగట్లేదు కాబట్టి వెలగట్లేదనే రాస్తా" అంది షకీలా.

మహబూబ్‌కు ఒళ్ళు మండింది. దుర్గి దగ్గరి ఆ పల్లెలో మొదటి గోబర్ గ్యాస్ ప్లాంటు, స్కీమ్ తరఫున హన్నమ్మ పెరట్లో అతను ఎండలో నిలబడి కట్టించినది. హన్నమ్మ మాత్రం ఇంకా పత్తి కంపతోనే వండుతోంది. సరిగ్గా ఇప్పుడే యూనివర్సిటీ నుంచి ఈ అమ్మాయి దిగింది. పల్లెల్లో కట్టెలు పోయి గ్యాస్ వస్తే ఎవరికెంత లాభం, ఎంత నష్టం అన్నది ఆమె రీసెర్చ్. ఆమె రిపోర్ట్ బాగుంటేనే ఊళ్ళో మిగతా ఇళ్ళకు ప్లాంట్లు వస్తాయి. లేదంటే స్కీమ్ ఎత్తేస్తారు.

"ప్లాంటులో లోపం లేదు మేడమ్! ఆమెకే మొండితనం."

"ఎవరికి, హన్నమ్మక్కకా, మీకా?"

ఇంతలో వాన అందుకుంది. ఇద్దరూ వసారాలోకి పరుగెత్తారు. తడిసిన జడ విదిల్చుకుంటున్న ఆమె మీద నుంచి చూపు తిప్పుకోవడం మహబూబ్‌కు చేతకాలేదు. ఇంత పొగరుబోతు మనిషి ఇంత బాగుండడం అన్యాయం అనుకున్నాడు.

"ఏంది చూస్తున్నారు?"

"వాన."

"వాన అటు పడుతోంది."

లోపల హన్నమ్మ పొయ్యి అంటించింది. ఇల్లంతా పొగ కమ్మింది. మహబూబ్ వసారాలోనే నిలబడ్డాడు. షకీలా దగ్గుతూనే లోపలికెళ్ళి పొయ్యి పక్కన కూర్చుంది, రమ్మన్నా రాలేదు. కళ్ళు తుడుచుకుంటూ పైకి చూసింది. పొయ్యికి సరిగ్గా పైన, దూలానికి, మసిబారిన జొన్న కంకులు వేలాడుతున్నాయి.

"అక్కా, ఇవి విత్తనాలా? పొగ తగలకపోతే పురుగు పడుతుందనా గ్యాస్ వద్దంటున్నావు?"

హన్నమ్మ సిగ్గుపడింది. "అంతే తల్లీ. గ్యాస్ మీద కొన్నాళ్ళు వండితే సగం కంకులు పిండైనయ్. చెప్తే నవ్వుతారని ఊరుకున్నా."

మహబూబ్ లోపలికొచ్చి కంకుల కేసి చూశాడు. ప్లాంటు కట్టేటప్పుడు గేదెలెన్నని అడిగాడు గానీ, పొగతో పనేమిటని అడగలేదు.

"పెరట్లో స్నానాల నీళ్ళ పొయ్యి రోజూ వెలుగుతది గదా. దానిపైన రేకులేసి కంకులక్కడ కడితే?" అన్నాడు.

"పురుగు పట్టకపోతే పట్టలేదని రాస్తా. పడితే పట్టిందని రాస్తా" అంది షకీలా.

"రాసుకోండి. నేనూ వదలను."

ఆ వానలోనే గుంజలు పాతాడు. గొడుగు పక్కన పడేసి ఆమె గుంజ పట్టుకుంది. ఇద్దరూ బురదయ్యారు, ఇద్దరూ నవ్వారు.

వానలు తగ్గి జొన్న విత్తే అదను వచ్చాక షకీలా మళ్ళీ వచ్చింది. పెరట్లో రేకుల కింద కంకులు పురుగు లేకుండా గట్టిగా ఉన్నాయి. వంటింట్లో గ్యాస్ స్టవ్ మీద పప్పు ఉడుకుతోంది. ఈసారి ఎవరూ దగ్గడం లేదు. చూసినదంతా రాసుకుని, బస్సు కోసం రోడ్డు మీదికొచ్చింది. మహబూబ్ వెంట వచ్చాడు. ఇక అడక్కపోతే జన్మంతా ఏడవాల్సి వస్తుందని అతనికి తెలుసు.

"మా అమ్మీని మీ ఇంటికి పంపనా?"

షకీలా తడబడలేదు. "నేను రీసెర్చ్ వదలను."

"వదలమన్నానా?"

"మీ అమ్మీ వదలమంటే?"

"ఆమెకు నేను చెప్పుకుంటాలెండి."

బస్సు వచ్చి ఆగింది. షకీలా మెట్టెక్కి వెనక్కి తిరిగింది. మొహం ఎర్రబడింది.

"నువ్వు కాదు, నేను చెప్తా. ఆదివారం పంపించు."