వెనక్కి తిప్పు

మిల్లు రోడ్డు మలుపులో ఉన్న ఆ ఖాళీ ఇంటివైపు దొంగలు కూడా తొంగిచూడరు. గేటుకు వేలాడే టు-లెట్ బోర్డు అక్షరాలు వెలిసిపోయాయి గానీ, అద్దెకు దిగిన వాడు లేడు. మూడేళ్ల కిందట ఆ ఇంటి కోడలు కాన్పయ్యాక రక్తం ఆగక పోయింది. ఆసుపత్రికి తీసుకెళ్లాలా, వద్దా అని మగవాళ్లు తేల్చుకునేలోపే ప్రాణం పోయింది. అప్పట్నుంచీ చీకటి పడితే ఆ కిటికీలోంచి ఎవరో పిలుస్తారని చెప్పుకుంటారు.

ఇది నాకు చెప్పింది ఒక ఆటో డ్రైవరు. జరిగింది అతనికే.

అతని భార్యకు అప్పుడు ఎనిమిదో నెల. పొద్దుట్నుంచీ ఒకటే తలపోటు. సాయంత్రానికి కాళ్లూ, మొహం ఉబ్బిపోయాయి. కళ్ల ముందు మెరుపులు కనిపిస్తున్నాయంది.

"కడుపుతో ఉన్నవాళ్లకి ఇవన్నీ మామూలే," అన్నాడు తండ్రి, పేపరు దించకుండా. "అయినా పెద్దాడిని ఒక మాట అడక్కుండా ఆసుపత్రేంటి? మిల్లులో ఫోన్లు ఎత్తనివ్వరు, నువ్వే వెళ్లి అడిగిరా."

తల్లి ఏదో అనబోయింది.

"నీకేం తెలుసు, నువ్వూరుకో."

ఆవిడ వంటింట్లోకి వెళ్లిపోయింది. ముప్ఫై ఐదేళ్లుగా ఆ మాట వినడం, వంటింట్లోకి వెళ్లడం ఆవిడకి అలవాటే.

ఊళ్లో ఎంతమంది గర్భిణుల్నో ఆసుపత్రికి చేర్చిన మనిషి... సొంత భార్యను ఇంట్లో వదిలేసి, అన్న అనుమతి కోసం ఆటో తీశాడు.

మలుపు దగ్గర రోడ్డంతా గుంతలు. ఆటో నెమ్మదించింది. చూడకూడదు, చూడకూడదు అనుకుంటూనే కిటికీవైపు చూశాడు —

తెల్లటి ఆకారం. మొహం మీదికంటా ముసుగు.

ఇంజను ఆగిపోయింది.

"ఎవర్ని అడగడానికి వెళ్తున్నావు...?" ఆడగొంతు, గుసగుసగా. "మా వాళ్లూ ఇలాగే... అడిగొస్తామని వెళ్లారు. వెనక్కి తిప్పు."

ఆటో ఎలా తిరిగిందో అతనికి గుర్తులేదు. ఇంటికొచ్చి, భార్యను ఎత్తుకుని సీట్లో పడుకోబెట్టాడు. "పెద్దాడేమన్నాడ్రా?" అని తండ్రి గుమ్మంలో అడుగుతూనే ఉన్నాడు. ఆటో సందు దాటేసింది.

ఆసుపత్రి మెట్ల దగ్గరే ఆమెకు ఫిట్స్ వచ్చాయి. స్ట్రెచర్ మీద పరుగులు, ఇంజెక్షన్లు, ఆపరేషను. తెల్లారుతుండగా డాక్టరమ్మ బయటికొచ్చింది.

"ఆడపిల్ల. తల్లీ బిడ్డా దక్కారు. అదంతా బీపీ వల్లయ్యా. ఇంకో గంట ఆగుంటే నేను చేయడానికేమీ ఉండేది కాదు."

అతను అక్కడే నేల మీద కూలబడి ఏడ్చాడట.

మూడో రోజు వార్డు వరండాలో తల్లి అతనికి టీ ఇచ్చి, పక్కన కూర్చుంది. అటూ ఇటూ చూసింది.

"ఒరేయ్... ఆ కిటికీలో నిలబడింది నేనేరా."

అతను టీ గ్లాసు కింద పెట్టేసి ఆమెవైపు తిరిగాడు.

"నువ్వు మెయిన్ రోడ్డు చుట్టి వచ్చేలోపు వెనక సందులోంచి పరిగెత్తా. మంచం మీది దుప్పటి కప్పుకున్నా. ఏం చేయమంటావు? మనింట్లో నా మాట ఎవరు వింటారు? దెయ్యం మాటైతే వింటారు కదా అని."

అతనికి నవ్వాగలేదు. కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వాడు.

"గొంతు భలే మార్చావమ్మా. 'మా వాళ్లూ ఇలాగే' అంటుంటే ప్రాణం పోయిందనుకో."

తల్లి నవ్వలేదు.

"నేను మాట్లాడలేదురా. నోరు తెరిచేలోపే... నా వెనక గదిలోంచి ఆ పిల్లే మాట్లాడింది. నీకంటే ముందు పారిపోయింది నేనే."

ఆవిడ టీ గ్లాసు తీసి పక్కకు జరిపింది.

"దుప్పటి కూడా అక్కడే పడేసొచ్చా," అంది చివరికి, నెమ్మదిగా. "మంచి దుప్పటి. చీకటి పడ్డాక మీ నాన్నని పంపు... తెచ్చిపెడతాడు."