మనిషి కనిపిస్తే ఆగే కారు

పొద్దున తొమ్మిదింపావుకి టెస్ట్ డ్రైవర్‌ని ఎయిర్‌బ్యాగ్ చంపింది.

కారు కదలనైనా లేదు. షెడ్డులో కూర్చుని సీటు సరిచేసుకుంటుండగా స్టీరింగ్ మధ్యలోంచి బ్యాగ్ పేలింది. గాలితోపాటు పద్నాలుగు ఉక్కు మేకులు వచ్చాయి. ఆనవాలు పట్టడానికి మొహం మిగల్లేదు.

"అది రిహార్సల్," అన్నాడు చీఫ్, ఫోటోలు బల్ల మీద పరుస్తూ. "ఈ చావు సంగతి ల్యాబ్‌లో ఇంకా పొక్కనివ్వలేదు. అసలు షో ఒంటిగంటకి. కాన్సెప్ట్ కారు తయారుచేసిన ఇంజనీరు తానే అందులో కూర్చుని, అరవై కిలోమీటర్ల స్పీడుతో దాన్ని కాంక్రీటు గోడకి గుద్దిస్తుంది. ఆ డిజైన్ని ఒక విదేశీ ముఠా దొంగిలించింది. ఆవిడ బతికుంటే దొంగతనం బయటపడుతుంది. సొంత కారులోనే చస్తే ఆ కారుని ఇంకెవరూ నమ్మరు."

"డెమో ఆపెయ్యండి సార్."

"ఆపితే ముఠా మనిషి జారుకుంటాడు. ఇంకో నెలకి ఇంకోచోట చంపుతాడు. ఒంటిగంటలోగా వాణ్ణి పట్టుకో."

"ఆవిడ మా అక్క."

"తెలుసు. అందుకే నిన్ను పిలిచాను."

తాబేలు ఫోటోలన్నీ బోర్లా పెట్టాడు. పదకొండేళ్ళలో మూడు తూటాలు దిగినా చావనందుకు డిపార్ట్‌మెంట్ ఇచ్చిన కోడ్ నేమ్ అది. ఇంట్లో మాత్రం అతను ఇన్సూరెన్స్ ఏజెంటు. అక్క లెక్కలో, ఎందుకూ పనికిరాని ఇన్సూరెన్స్ ఏజెంటు.

ల్యాబ్ గేటు దగ్గర తెల్ల సూటులో ఒకామె ఎదురొచ్చింది.

"గొడుగు తెచ్చారా?"

"వాననే తెచ్చాను."

కోడ్ సరిపోయింది. ఆమె పేరు నెమలి. ఆరు నెలలుగా అక్కడ విజిటర్స్ మేనేజర్ వేషంలో ఉన్న డిపార్ట్‌మెంట్ ఏజెంటు. అందగత్తె, ఆ సంగతి ఆమెకి అందరికన్నా ముందే తెలుసు.

"డెమో కారు బ్యాగ్ పదింటికి నేనే దగ్గరుండి విప్పించాను. క్లీన్," అంది. "నువ్వు వెనక షెడ్లు వెతుకు. ఇక్కడ నేను చూసుకుంటా."

అక్క కారు దగ్గరే ఉంది. తమ్ముణ్ణీ, అతని చంకలో ఫైలునీ చూసి నవ్వింది.

"నువ్వేంట్రా ఇక్కడ?"

"గోడలు గుద్దేవాళ్ళకి పాలసీ అమ్ముదామని. మధ్యలో భయమేస్తే బ్రేకు వెయ్యచ్చా?"

"కుదరదు. డెమో మొదలైతే పెడళ్ళు పనిచెయ్యవు. గోడని చూసి ఆగే బ్రేకు కూడా ఆఫ్ చేశాను."

"మనిషి అడ్డొస్తే?"

"ఒంటి వేడి పసిగట్టి ఆగుతుంది. దానికి మాత్రం స్విచ్ లేదు. పెట్టమని పై వాళ్ళు ఏడాదిగా చెవిలో పోరుతున్నారు. మనిషిని గుద్దనిచ్చే స్విచ్ నా చేత్తో నేను పెట్టనురా."

పక్క సీట్లో కూర్చోబెట్టిన మనిషంత బొమ్మకి, డమ్మీకి, ముసలి టెక్నీషియన్ రంగులు పూస్తున్నాడు. నుదుటికి నీలం, ముక్కుకి ఎరుపు, గడ్డానికి ఆకుపచ్చ. "తల ఎక్కడ తగిలిందో బ్యాగ్ మీద అచ్చు పడాలి కదా బాబూ. సాయంత్రందాకా ఆరదు. ఆనుకున్నారో, చొక్కా మీద ఆశ వదులుకోవాల్సిందే," అన్నాడు.

షెడ్లన్నీ వెతికి తాబేలు తిరిగొచ్చేసరికి ఒంటిగంటకి నిమిషం తక్కువ. కారు ట్రాక్ ఆ చివర నిలబడి ఉంది. కంట్రోల్ రూమ్ బయట మానిటర్లో అక్క బెల్టు సరిచూసుకుంటోంది. పక్కన డమ్మీ.

దాని గడ్డం మీద ఆకుపచ్చ లేదు. ఎవరో తుడిచినట్టు సగం మొహం అలుక్కుపోయింది.

డ్రైవర్ వైపు తలుపు గ్యాలరీలో అతిథులకి ఎదురుగా ఉంటుంది. స్టీరింగ్‌లో బ్యాగ్ మార్చాలంటే ఇవతలి వైపు నుంచి, డమ్మీ మీదుగా వంగాలి. రంగు పూశాక ఎవరో వంగారు. తాబేలు కంట్రోల్ రూమ్ తలుపు తన్నాడు.

ఆపరేటర్ గొంతు తెగి కుర్చీలో వాలిపోయి ఉన్నాడు. రేడియో, స్టాప్ బటన్ తీగలు కోసేసి ఉన్నాయి. నెమలి తిరిగి చూసింది. సూటు మీద మరక లేదు, మార్చుకుంది. చెవి వెనక మాత్రం ఆకుపచ్చ.

"అద్దంలో చెవి వెనక కనపడదు," అన్నాడు.

ఆమె కాల్చింది. తూటా ఇన్సూరెన్స్ ఫైలుకి తగిలింది. అందులో ఉన్నవి పాలసీలు కావు, ఉక్కు రేకు. ఆ ఫైలుతోనే ఆమె మణికట్టు విరగ్గొట్టాడు. తుపాకీ జారింది. ఎడమచేత్తో స్క్రూడ్రైవర్ అతని తొడలో పిడిదాకా దించింది. అతను కూలగానే హెడ్‌సెట్ తీగ మెడకి బిగించి, మోకాలు వీపులో ఊనింది. కళ్ళు బైర్లు కమ్మాయి. స్పీకరు పది నుంచి వెనక్కి లెక్కపెడుతోంది. తొడలోని స్క్రూడ్రైవర్ లాగి వెనక్కి పొడిచాడు. పక్కటెముకల కింద దిగింది. ఇంకోసారి పొడిచాడు. తీగ వదులైంది.

"సున్నా," అంది స్పీకరు.

కిటికీలోంచి ట్రాక్ మీదికి దూకాడు. చీలమండ విరిగిన చప్పుడు అతనికే వినిపించింది. కుంటుకుంటూ వెళ్ళి, గోడకి వీపు ఆనించి, చేతులు చాపి నిలబడ్డాడు.

కారు వస్తోంది. మూడు తూటాలకి వెయ్యని భయం ఇప్పుడు వేసింది, తన కోసం కాదు. అక్క ఆ ఒక్క స్విచ్ విషయంలో ఎవరి మాటైనా విని ఉంటే ఇద్దరూ పోతారు. అద్దం వెనక ఆమె మొహం కనిపించింది. అరుస్తోంది.

టైర్లు కీచుమన్నాయి. రబ్బరు పొగ లేచింది. బంపరు మోకాళ్ళకి జానెడు దూరంలో ఆగింది. ఆగాక, పాదచారుల రక్షణ కోసం అక్క ఎంతో ముచ్చటపడి పెట్టిన బయటి ఎయిర్‌బ్యాగ్ పేలి అతన్ని గోడకేసి కొట్టింది. రెండు పక్కటెముకలు విరిగాయి.

"స్టీరింగ్ ముట్టుకోకు," అన్నాడు నెత్తురు ఉమ్ముతూ. "మెల్లగా దిగు."

అక్క దిగి, అతని తల ఒళ్ళో పెట్టుకుని ఏడ్చింది. "ఇన్సూరెన్స్ ఆఫీసులో ఇవన్నీ చేయిస్తారట్రా?"

గాజు వెనక గ్యాలరీలో అతిథులు లేచి నిలబడి చప్పట్లు కొడుతున్నారు. ఇంత సహజమైన డెమో ఎక్కడా చూడలేదని, ఇంకోసారి చేసి చూపించమని మైకులో అడిగారు.

తాబేలు, చీఫ్‌కి వినపడే కాలర్ మైకు నోటి దగ్గరికి లాక్కున్నాడు. "సార్, గోడ ముందు నిలబడడానికి ఇంకో మనిషి కావాలట. మీరు ఖాళీయేనా?"