కిక్కురుమనని తలుపు

ఆ ఉదయం వడ్రంగి ఒక ఘనకార్యం చేశాడు. పదేళ్ళుగా భార్య చెవినిల్లు కట్టుకుని పోరినా పట్టించుకోని పెరటిగది తలుపును, కాఫీ అయినా తాగకుండా బాగుచేసి పడేశాడు. బందులు విప్పి, తుప్పు గీకి, నూనె వేసి బిగించాడు. ఇప్పుడది చిటికెన వేలితో తోసినా తెరుచుకుంటోంది. కూతురి స్నేహితులు మొదటిసారి ఇంటికొస్తున్నారు మరి. వడ్రంగి ఇంట్లోనే తలుపు మూలుగుతుంటే పిల్లకెంత నామోషీ.

కూతురిది కాలేజీలో ఆఖరి ఏడాది. ముగ్గురు కలిసి దయ్యాల వీడియో గేమ్ తయారుచేస్తున్నారు. సాయంత్రం ఐదింటికల్లా అప్పగించకపోతే మార్కులు హుళక్కి. ఇంకొక్క పనే మిగిలిందని రాత్రి చెప్పింది. ఏం పనని ఆయన అడగలేదు.

పదింటికి స్నేహితులిద్దరూ వచ్చారు. వాళ్ళలో సోడాబుడ్డి కళ్ళద్దాలవాడు మైకు పట్టుకుని తిన్నగా పెరటిగది ముందు గొంతుక్కూర్చున్నాడు. కూతురు ఊపిరి బిగబట్టి తలుపు తోసింది. కిక్కురుమనలేదు. మళ్ళీ తోసింది.

"నాన్నా, దీన్నేం చేశావు?"

"బాగుచేశానమ్మా," అన్నాడు గర్వంగా.

కూతురి మొహం మాడిపోయింది. వాళ్ళ గేమ్‌లో దయ్యం కనబడదట. తలుపు కిర్రుమనడమే దయ్యమట. చిన్నప్పుడు తనను హడలగొట్టిన ఈ చప్పుడు కోసమే ఆ కథంతా అల్లిందట.

"పదేళ్ళు ముట్టుకోనివాడివి ఇవాళే ముట్టుకోవాలా? నేనేం చేస్తున్నానో ఒక్కసారైనా అడిగావా?"

ఆ మాట ఆయనకు ములుకులా గుచ్చుకుంది. నిజమే, అడగలేదు. అంతలో భార్య వంటింట్లోంచి వచ్చింది. "నీ స్నేహితుల ముందు నువ్వు చిన్నబోకూడదని పొద్దున్నే కూర్చుని చేశారే మీ నాన్న. కాఫీ కూడా ముట్టలేదు."

కూతురు తలుపుకేసి చూసింది, తండ్రి చేతుల మీది నూనె మరకలకేసి చూసింది. కళ్ళనీళ్ళు ఆగలేదు. ఓదార్చడం ఆయనకు ఏనాడూ చేతకాదు. అందుకని పనిముట్ల సంచీ తెరిచాడు.

"ఇంతకీ మీ దయ్యం ఎలా ఏడవాలి? సన్నగానా, బొంగురుగానా?"

బాగుచేయడం తెలిసినవాడికి పాడుచేయడం ఒక లెక్కా. నూనె తుడిచి, బందులు పట్టేసి కిర్రుమనేలా గుగ్గిలం పొడి రాసి, ఒక మర వదులు చేశాడు. తలుపు గొల్లుమంది. ఇది ముసలి దయ్యమన్నాడు. ఇంకో అర చుట్టు తిప్పి, ఇది నిన్నగాక మొన్న చచ్చిందన్నాడు. పిల్లలు పడీపడీ నవ్వారు. పద్నాలుగు ఏడుపులు రికార్డు చేశారు. పదకొండోదానికి భార్య ఉలిక్కిపడి కాఫీ ఒలకబోసింది. దాన్నే ఎంచుకున్నారు. ఇక తలుపు ఇంకో పదేళ్ళు ఇంతేనని ఆవిడ నిట్టూర్చింది, నవ్వుతూనే.

నాలుగున్నరకు ఆయన్నే కూర్చోబెట్టి గేమ్ ఆడించారు. తన చేత్తో చేసిన చప్పుడే అయినా కుర్చీలో ఎగిరిపడ్డాడు. చివర్లో తెర మీద పేర్లు వచ్చాయి. బొమ్మలు గీసినవాళ్ళు, కథ రాసినవాళ్ళు. అన్నిటి కిందా ఒక్క వరుస. 'దయ్యం గొంతు: మా నాన్న.'

"కళ్ళద్దాలు లేవు, సరిగ్గా కనబడటం లేదు. మళ్ళీ చదవమ్మా," అన్నాడు.

కళ్ళద్దాలు ముక్కు మీదే ఉన్నాయి. కూతురు ఆ సంగతి ఎత్తకుండా మళ్ళీ చదివింది.