ఖాళీ బండి బరువు

దెయ్యాల సంగతి నాకు తెలీదు. బరువు సంగతి అడగండి, చెబుతాను. పికప్ నడిపీ నడిపీ జుట్టు నెరిసింది. వెనక చక్రాల మీద కమాను పట్టీలు ఎంత వంగాయో చూస్తే చాలు, ఎంత సరుకుందో చెప్పేస్తాను.

ఆ సాయంత్రం ఎక్కించింది నా ఇంటి సరుకే. నా భార్య మెట్ల మీంచి జారి పడ్డాక కాళ్ళు పడిపోయాయి. మంచం మీంచి కుర్చీలోకి, కుర్చీలోంచి మంచం మీదికి నేనే ఎత్తాలి. చిక్కి శల్యమైంది కదా, చంటిపిల్లలా లేచి వచ్చేది. తడిగుడ్డతో ఒళ్ళు తుడుస్తుంటే మొహం గోడవైపు తిప్పుకునేది. "ఒక్కసారి నీళ్ళలో కూర్చుని నా ఒళ్ళు నేనే రుద్దుకోవాలండీ," అంది. అంతకంటే ఏమీ అడగలేదు మనిషి. అందుకే పాత బాత్రూం పగలగొట్టించాను.

తాపీ పని మా బావమరిదిదే. కూలగొడుతున్న బంగళాలో ఇనప తొట్టి ఒకటి ఊరికే ఇస్తున్నారని కబురు తెచ్చిందీ వాడే. మనిషి కాళ్ళు చాపుకుని పడుకునేంత తొట్టి. ఇంత మంచిది ఎందుకు వదిలేస్తున్నారయ్యా అంటే, అక్కడి కాపలాదారు నేలచూపులు చూశాడు. దానమిచ్చిన గోవుకి పళ్ళెంచడమెందుకని నేనూ ఊరుకున్నాను.

కూలీలు తొట్టి ఎక్కించారు. వాన వచ్చేలా ఉంటే, సిమెంటు బస్తాలు తడవకుండా తొట్టిలోనే పేర్చి పైన పట్టా కప్పాడు బావమరిది. పక్కన టైల్స్ పెట్టెలు. పట్టీలు చూశాను. బరువు సరిగ్గానే ఉంది.

వంతెన ఎక్కుతుంటే వాన మొదలైంది. బండి మూలిగింది. రెండో గేరు... ఒకటో గేరు... వెనక నీళ్ళు తొణికిన చప్పుడు. క్లచ్ కాలిన వాసన, దాని వెంటే పాచి నీళ్ళ వాసన.

దిగి చూశాను. పట్టీలు తిరగబడేలా వంగిపోయాయి.

నేనూ బావమరిదీ టైల్స్ దించేశాం. లేవలేదు. పట్టా విప్పితే పై బస్తాలు పొడిగా ఉన్నాయి. అడుగు బస్తాలు ముద్దయిపోయాయి. కింద నుంచి తడిశాయి. వాటినీ తోసేశాం. చివరికి గుండె రాయి చేసుకుని గునపాలతో తొట్టినీ వంతెన కింది కాలవలోకి దొర్లించాం. నా భార్య అడిగిన ఒకే ఒక్కటి నా చేతులతోనే పారేశాను. ఏడుపొచ్చింది.

బండి లేవలేదు.

"బావా..." వాడు పట్టీల వైపు వేలు చూపించాడు. "ఖాళీ బండి కదా ఇది..."

"నోరు మూసుకుని ఎక్కరా."

"ఇక్కడే వదిలేసి నడుద్దాం బావా."

"ఇంటికెప్పుడు చేరతాం? మీ అక్క ఒక్కతే ఉంది. దాహమేసినా లేవలేదు."

ఒకటో గేరులోనే ఈడ్చుకొచ్చాం. అద్దంలోకి చూస్తే ఒట్టు. ఇంటి ముందు ఆపానో లేదో, బండి వెనక భాగం ఒక్కసారిగా పైకి లేచింది... ఎవరో దిగినట్టు.

పీడ వదిలిందనుకున్నాను. ఎంత వెర్రివాణ్ణి.

ఇంట్లో కరెంటు లేదు. మంచం దగ్గరికి తడుముకుంటూ వెళ్ళాను. "తొట్టి... ఇంకోటి తెస్తాలేవే," అన్నాను. కుర్చీలో కూర్చోబెడదామని రెండు చేతులూ కింద పెట్టి ఎత్తాను.

లేవలేదు.

మళ్ళీ ఎత్తాను. నడుం కలుక్కుమంది.

"ఒరేయ్, నువ్వూ పట్టరా."

ఇద్దరం పట్టాం. వేలెడంత కూడా కదల్లేదు. వాడు సెల్ లైటు వేశాడు. మంచం నవారు సాగి నేలకి ఆనుతోంది. చీరంతా తడి. అంచు నుంచి సిమెంటు నీళ్ళు బొట్లు బొట్లుగా కారుతున్నాయి. మంచం మీద నా భార్య ఒక్కతే ఉంది. కళ్ళు మాత్రం కదుపుతోంది.

ఆమె నోటి దగ్గర చెవి పెట్టాను. ఊపిరాడక, మాట మాటకీ ఆగుతూ అంది.

"నన్ను కాదండీ... ముందు... నా మీద పడుకున్న ఆమెని లేపండి."