చివరి చెయ్యి

పొద్దుటి నుంచీ సముద్రపు నాచు మోశాం. రాళ్ళ మీంచి కోసి, తడి గంపలు గట్టుకి చేర్చి, ఎండినదాన్ని బూడిద కోసం గుంటల్లో కాల్చడం మా పని. సాయంత్రానికి ఒళ్ళంతా ఉప్పు, పొగ, నీచు కంపు. కడుక్కోకుండా గుమ్మం ఎక్కితే అమ్మ ఊరుకోదు. అందుకే రోజూ నలుగురం సముద్రంలోకి దిగేవాళ్ళం: నాతో పనిచేసే కాటెల్, సోజిక్, నేను, ఎనిమిదేళ్ళ మా చెల్లి తిఫెన్.

ఫ్రాన్స్ అంచున మా బ్రిటనీ తీరంలో ఆడపిల్లలు చేతులు పట్టుకునే దిగుతారు. లోతు వైపు చివర అందరికంటే పెద్దది నిలబడాలి. ఖాళీగా ఉన్న చేతిని పిడికిలి బిగించే ఉంచాలి. సముద్రంలో పోయి శవం దొరకనివాళ్ళు పట్టుకోడానికి ఒక చెయ్యి వెతుక్కుంటారట. ఆ చివరి చోటు నాది.

పారిస్ నుంచి వచ్చిన బొమ్మల దొర వెర్నియే ఇసుకలో నిలబడి వారం రోజులుగా మా స్నానాన్ని గీస్తున్నాడు.

"అజెనోర్, చిన్నదాన్ని చివరికి పంపు," అన్నాడు ఆ రోజు నాతో. "వరస సముద్రంలోకి జారిపోతున్నట్టు ఉండాలి. ఆ పిడికిలి వద్దు, కొట్లాటకి వెళ్తున్నట్టుంది. చెయ్యి వదులుగా పెట్టమను."

"అలా కుదరదు దొరగారూ," అంది కాటెల్.

"వెలుతురు పోతోందమ్మా."

"ఆయన వెలుతురు సంగతి సరే, నా నడుం పోతోంది," సోజిక్ గొణిగింది. "ఏదో ఒకటి కానివ్వవే."

నాకు వాదించే ఓపిక లేదు. ఒక్క నిమిషమే కదా అనుకుని తిఫెన్‌ని నాకు అవతల నిలబెట్టాను. అది ఈ రోజుకీ నన్ను తినేస్తోంది.

నీళ్ళు తిఫెన్‌కి నడుము దాకా వచ్చాయి. గాలి ఆగిపోయింది. గట్టు మీద పొగ కూడా కదలడం లేదు.

"అక్కా... నా చెయ్యి ఎవరో పట్టుకున్నారు."

"నాచు తగిలుంటుంది."

"నాచుకి గోళ్ళుంటాయా?"

లాగాను. రాలేదు. మళ్ళీ లాగాను... ఈసారి తేలిగ్గా వచ్చేసింది. ఎత్తుకుని ఒడ్డుకి పరిగెత్తాను.

దొర విసుక్కున్నాడు. "మీరు కదిలిపోయారు. చిన్నదానికి అవతల ఉన్న ఆ చివరి పిల్లే నయం, ఎంత కుదురుగా నిలబడిందో. తీరా మీరు పరిగెత్తేసరికి తనూ మీ వెంటే వచ్చేసింది."

ఎవరమూ వెనక్కి తిరిగి చూడలేదు.

ఇంట్లో ఇంత సూప్ తాగి, నేనూ తిఫెనూ మా చెక్కపెట్టె మంచంలో దూరి తలుపు జరుపుకున్నాం. తలుపు కంతల్లోంచి ఇంకా సందె వెలుతురు పడుతోంది. తిఫెన్ నిద్రపోయింది. నీళ్ళలో ఖాళీగా వదిలిన ఎడమ చెయ్యి మాత్రం సగం ముడిచి ఉంది. వేళ్ళు మూయబోయాను. మూతపడలేదు. లోపల ఏదో అడ్డం... చల్లగా.

నాకు ఏడుపొచ్చింది. ఈ పిల్ల లేకపోతే నేనెలా బతకను?

"పసిది, దాన్ని వదిలెయ్," గుసగుసగా అన్నాను. "తప్పు నాది. కావాలంటే నా చెయ్యి పట్టుకో."

చెయ్యి చాచాను.

తిఫెన్ వేళ్ళు టక్కున మూసుకున్నాయి. చెయ్యి వెచ్చబడింది. నా చేతిని మాత్రం ఎవరూ పట్టుకోలేదు. చాలాసేపు అలాగే ఉన్నాను. అలసటకి కళ్ళు మూతలు పడుతున్నాయి. పోయిందిలే అనుకున్నాను.

అప్పుడు తిఫెన్ నిద్రలోనే గోడ వైపు జరిగింది... మా ఇద్దరి మధ్య ఒక మనిషికి చోటిచ్చి.

నా పక్కన గడ్డి పరుపు మెల్లగా కుంగింది.