ఊహలో మనిషికి ముఖం

నా ఉద్యోగమంటే జరగనివి జరిగాయనుకోమని పిల్లల్ని వేధించడమేనని మా చెల్లెలు ఎప్పుడూ దెప్పుతుంది. తను ఇంటి ముందుగదిలో మిషను పెట్టుకుని బట్టలు కుడుతుంది. నేను కాలేజీలో తత్వశాస్త్రం చెబుతాను. ఇంట్లో మేమిద్దరమే.

మా సబ్జెక్టుకి ప్రయోగశాల లేదు. 'అనుకోండి' అన్న ఒక్క మాటే మా సామాను. రిటైరైపోయిన మా పాత హెడ్డు ఆ మాటకో నియమం పెట్టాడు. ఊహలో మనిషికి ముఖం ఇవ్వకూడదు. 'ఒకడు' అను, 'ఐదుగురు' అను, అక్కడితో ఆపు. ఎందుకండీ అంటే చెప్పేవాడు కాదు. ఆయన చాదస్తం ఆయనదని నవ్వుకునేవాళ్లం.

ఆ రోజు మధ్యాహ్నం ఎండ మండిపోతోంది. క్లాసంతా ఆవలింతలు. బోర్డు మీద రెండు గదులు గీశాను.

"రెండింట్లోకీ నీళ్లొస్తున్నాయనుకోండి. ఒక గదిలో ఐదుగురు, ఇంకో గదిలో ఒక్కరు. మీరు ఒక్క తలుపే తీయగలరు. ఏది తీస్తారు?"

ఐదుగురికే చేతులు లేచాయి. ముందు బెంచీ కళ్లద్దాల అమ్మాయి మాత్రం, "ఆ ఒక్కరూ ఎవరో తెలిస్తే కదా సార్ కష్టం," అంది.

నిజమే కదా. నా నోరు ఊరుకుంటుందా?

"మా చెల్లెలనుకోండి. ఆకుపచ్చ చీర, మెడలో కొలతల టేపు, కొంగుకి గుచ్చుకున్న సూది. నన్ను రోజూ తిడుతుంది కూడా."

అందరూ నవ్వారు. మళ్లీ ఐదుగురికే చేతులెత్తారు, నలభై రెండు. సరదాకి నేనూ ఎత్తాను. అప్పుడే గోడలో ఎక్కడో నీళ్లు పారుతున్న చప్పుడు వినబడింది. పాచి వాసన కూడా వచ్చింది. పైపు పగిలుంటుందనుకుని బోర్డు తుడిచి వచ్చేశాను.

ఇంటికొచ్చేసరికి చెల్లెలు మిషను పక్కన నేల మీద కూర్చుని ఉంది. ఆకుపచ్చ చీర భుజాల దాకా తడిసి ముద్దయిపోయింది. నేల మీద మాత్రం చుక్క తడి లేదు.

"ఎందుకు తీయలేదు అన్నయ్యా?" అంది, గుసగుసగా.

"ఏంటే?"

"తలుపు. ఎంతసేపు కొట్టానో. సందులోంచి నువ్వు కనబడుతూనే ఉన్నావు. చెయ్యెత్తి నిలబడ్డావు. నవ్వుతున్నావు."

తన వేళ్ల కణుపులు దోక్కుపోయి ఉన్నాయి. క్లాసు సంగతి నేనింకా తనకి చెప్పనేలేదు.

పొడి చీర కట్టుకుంది. కాసేపటికి అదీ తడిసింది. ఈసారి తడి మెడ దాకా వచ్చింది. "ఇంకా ఎక్కుతున్నాయి అన్నయ్యా," అంది. నాకున్నది తనొక్కతే. ఏం చెయ్యాలో తోచక ఏడ్చేశాను.

మర్నాడు మొదటి పీరియడ్‌కే అదే క్లాసుకి పరుగెత్తాను. అప్పటికి తడి తన గడ్డం దాకా వచ్చింది.

"నిన్నటి ప్రశ్నే. ఈసారి ఒక్కరున్న తలుపు తీయాలి. చేతులెత్తండి."

పిల్లలు మొహాలు చూసుకున్నారు. "మరి ఆ ఐదుగురూ సార్?" అంది కళ్లద్దాల అమ్మాయి.

"వాళ్లెవరూ లేరమ్మా. ఉత్త ఊహ."

అన్ని చేతులూ లేచాయి. నాదీ లేచింది. బయటికొచ్చి ఫోన్ చేస్తే, "మొత్తం ఆరిపోయింది అన్నయ్యా," అంది చెల్లెలు. ప్రాణం లేచొచ్చింది. సాయంత్రం దాకా హాయిగా పాఠాలు చెప్పాను.

ఇంటికి వెళ్తూ మా సందు మలుపు తిరుగుతున్నాను. ఫోన్ మోగింది.

"అన్నయ్యా... ఎవరో తలుపు కొట్టారు."

"తీయకు."

"తీసేశాను. పాపం, ఎంతసేపటి నుంచి కొడుతున్నారో. అదెలా ఉంటుందో నాకు తెలుసు కదా."

"ఎవరు వాళ్లు?"

"ఐదుగురు... నీళ్లోడుతున్నారు. ముఖాలు... ముఖాలు కనబడట్లేదు. చొక్కాలు కుట్టాలంటున్నారు. కొలతలు తీశాను. ఐదుగురివీ ఒకటే కొలతలు అన్నయ్యా... నీ కొలతలే."

ఫోన్ తెగిపోయింది.

పరుగెత్తాను. గుమ్మం మీద తడి పాదాల గుర్తులు. అన్నీ లోపలికే. తలుపు లోపల గడియ వేసి ఉంది. కొట్టాను. పిలిచాను. మళ్లీ కొట్టాను... కణుపులు మండుతున్నాయి.

తలుపు సందులోంచి చూశాను.

చెల్లెలు తలుపు ఎదురుగానే నిలబడి ఉంది. ఏడుస్తోంది. చెయ్యెత్తి ఉంది. తన వెనక ఇంకో ఐదు చేతులు.

మా వీధిలో వాన పడి నెలలైంది. నా మేజోళ్లు మాత్రం మెల్లగా తడుస్తున్నాయి.