ఎర్రమిట్ట మీది ఇనుము

కందనగడ్డ రాజ్యంలో బావుల నీళ్లు తుప్పురంగుకు తిరిగాయి. ఆ నీళ్లు తాగిన పశువులు నిలబడ్డచోటే కూలిపోయాయి. "ఎర్రమిట్ట యుద్ధంలో మా ముత్తాత ప్రాణంతోపాటు పోగొట్టుకున్న కత్తి దొరికితేగానీ ఈ శాపం పోదు" అన్నాడు రాజు. అన్నాడుగానీ తాను కదల్లేదు. రాజులు ఎప్పుడు కదిలారు గనక! కమ్మరులను పంపాడు. వెళ్లిన పదకొండు మందిలో ఒక్కడూ తిరిగిరాలేదు. ఆ పదకొండోవాడు ఓబులమ్మ తండ్రి బ్రహ్మయ్య.

తండ్రిని వెతుక్కుంటూ పన్నెండేళ్ల ఓబులమ్మ బయల్దేరింది. సూదంటురాయికి తాడు కట్టుకుని, ముళ్లడవి దాటి, మిట్టమధ్యాహ్నం వేళకు ఎర్రమిట్ట చేరింది. అక్కడ పక్షి లేదు. గాలి లేదు. తల వంచుకుని రాయిని నేలమీద ఈడ్చుకుంటూ నడిచింది. ఇనుము ఉన్నచోట రాయి లాగుతుంది. మొదట బాణపు ములుకు దొరికింది. తర్వాత గుర్రపు కళ్లెం. ఆ తర్వాత రాయి తాడు తెంపుకునేంత బలంగా దూకి, ఒక కాలికి ఠక్కున అతుక్కుంది.

ఇనప కాలు. ఇనప మనిషి. ఒక ఈటె మీద వంగి, సుత్తి ఎత్తిన వాళ్ల నాయన! చుట్టూ మరో పదిమంది ఇనప కమ్మరులు.

ఓబులమ్మ నాయన చెయ్యి పట్టి లాగింది. కాళ్లకింద నేల కదిలింది. రొమ్మున బాణం దిగిన మనిషొకడు మట్టిలోంచి లేచాడు.

"నువ్వూ రాజు కత్తికేనా, పిల్లా?"

"కాదు... కాదు తాతా! మా నాయన కోసం."

"మీ నాయన నా ఈటెను కొట్టిచూశాడు, ఇనుము మంచిదో కాదోనని. నేనెవరినో అడిగాడా?"

ఓబులమ్మకు విషయం అర్థమైంది. కమ్మరింట, చచ్చినవాడి ఇనుమును పేరు పిలవకుండా సుత్తితో తాకరు. పేరు పిలిచి, కాల్చి, వేరే పనిముట్టుగా సాగగొట్టి, నీళ్లలో ముంచితేనే వాడికి విడుదల. ఇళ్లల్లో ఆ నియమం తప్పనివాళ్లు, ఇక్కడ మాత్రం ఇదంతా రాజుగారి సొత్తు అనుకున్నారు.

"నీ పేరేంది తాతా?"

దయ్యం రొమ్ములోని బాణాన్ని తడుముకుంది. "చెన్నడు. గొర్రెలు కాసేవాణ్ణి. ఈటె చేతికిచ్చి తోలుకొచ్చారు."

తండ్రి పక్కన పడున్న సంచిలోంచి బొగ్గులు, గాలి ఊదే తోలుతిత్తి, ఇంకో సుత్తి తీసి ఓబులమ్మ నిప్పు రాజేసింది. గొడ్డలి చేద్దామని కాల్చిన ఈటెమొన ఎర్రబడింది. ఈలోగా నేలంతా పగిలి మూడు వందలమంది లేచి చుట్టూ మూగారు.

"తప్పు చేశావో, నువ్వూ ఇనుమే!" అరిచాడొకడు.

"భయపెట్టకండయ్యా! చెయ్యి వణికితే గొడ్డలి వంకరపోద్ది!"

ఏడుస్తూనే సుత్తి ఎత్తింది. "చెన్నడా!" అని పిలిచి కొట్టింది. వేళ్లు ఇనుములా చల్లబడ్డాయి. నల్లబడ్డాయి. అయినా ఆపలేదు, మళ్లీ పిలిచి కొట్టింది. గొడ్డలిని తను తెచ్చుకున్న నీళ్లలో ముంచగానే చుయ్యిమంది. చెన్నడు నవ్వి, పొగలా విడిపోయాడు. ఆమె వేళ్లకు రంగు తిరిగొచ్చింది.

వెనక తండ్రి చేతిలోని సుత్తి కిందపడిన చప్పుడు.

"ఓబులూ, నువ్వెందుకొచ్చావే ఇక్కడికి?"

తక్కినవాళ్లు తాకిన ఇనుముకూ పేరు పిలిచి సాగగొట్టాక కమ్మరులంతా కదిలారు. తొమ్మిది రోజులు కొలుములు ఆరలేదు. మూడు వందల పేర్లు పలికి, మట్టిలో తుప్పుపడుతున్న ఇనుమంతా తీశాక బావులు తేటబడ్డాయి.

కమ్మరులు పనిముట్లతో ఊరు చేరాక, అప్పుడు గుర్రమెక్కి వచ్చాడు రాజు. "మా ముత్తాత కత్తేదీ?"

"ఆయనా వరసలోనే నిలబడ్డాడు దొరా. ముందుకు తోసుకొస్తే వెనక్కి పంపాం" అన్నాడు బ్రహ్మయ్య.

ఓబులమ్మ ఒక కొత్త కొడవలి తెచ్చి రాజు చేతిలో పెట్టింది. "ఇదే మీ ముత్తాత కత్తి. పదును జాగ్రత్త!"

ఊరంతా చూస్తుంటే కాదనలేక, ఆ ఏటి కోతకు రాజు కూడా వంగాడు. మొదటిరోజే వేలు కోసుకున్నాడు. ఓబులమ్మే గుడ్డ చుట్టి, మళ్లీ సాలులో నిలబెట్టింది.